బల్ల కాడికి మా ఆడోళ్ళు

మా గుడిలో ప్రభువు బల్ల పరిచే ఆదివారం, ప్రసంగం అయిపోతానే ఆడవాళ్ళు లేచి బయటికి పోయేవాళ్ళు. ఎవరూ పొమ్మని చెప్పే పని లేదు. ఉపదేశి గారు తెల్లగుడ్డ కప్పిన గిన్నె వైపు చెయ్యి చాపితే చాలు, చాపల మీంచి లేచి చీరలు దులుపుకుంటా ఒకరెనక ఒకరు వాకిట్లోకి నడిచేవాళ్ళు. లోపల పది పన్నెండు మంది మగవాళ్ళు మిగిలేవాళ్ళు. వాళ్ళు రొట్టె తిని, ద్రాక్షరసం తాగి వచ్చేదాకా మాయమ్మ, మా అవ్వ, తక్కిన ఆడవాళ్ళంతా గానుగ చెట్టు నీడలో కూర్చొని పిల్లల జ్వరాల గురించి, ఎవరి కయ్యలో ఎప్పుడు నాట్లో మాట్లాడుకునేవాళ్ళు. చిన్నప్పుడు నేను ఆ రొట్టె మగవాళ్ళ కోసమే చేస్తారనుకునేదాన్ని.

మాది పూతలపట్టు నుంచి పాకాల పోయే దోవలో, రోడ్డు దిగి మైలు దూరం లోపలికి నడిస్తే వచ్చే పల్లె. ఊరు వేరే, మా పల్లె వేరే. మధ్యలో ఒక వంక. ఆ వంకకు ఇవతల, మా ఇండ్లకు చివర్న, మట్టి గోడలూ పెంకుల కప్పూ ఉన్న మా గుడి. పెద్ద కరువు తరవాత, మా తాత వయసులో ఉండగా, దక్షిణం దిక్కునుంచి ఒక బోధకుడు నడుచుకుంటా వచ్చినాడంట. మా పల్లెవాళ్ళతో కలిసి కూర్చొని మా చేతి సంగటి తిన్న మొదటి బయటి మనిషి ఆయనే అని అవ్వ చెప్పేది. ఆయన చెప్పిన మాటల్లో సగం అర్థం కాలేదుగానీ ఆయన తిన్న సంగటి మాత్రం అందరికీ అర్థమయ్యింది అనేది. ఆ యేడే పల్లె అంతా బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి యేడు గుడి కట్టుకున్నారు.

ఆ బోధకుడిది అరవం. ఆయన తరవాత గుడి చూసుకునేదానికి వచ్చిన ఉపదేశులదీ అరవమే. తెల్ల దొరలు మొదట ఆ దిక్కునే పని మొదలుపెట్టినారు కాబట్టి చదువుకున్న ఉపదేశులు ఆ దిక్కునుంచే వచ్చేవాళ్ళు. అందుకని మా గుడిలో పాట అరవం, జపం అరవం, వాక్యం అరవం. మాకు అంగడి అరవం కొద్దిగా వచ్చు. చిత్తూరు సంతలో బేరం చేసేదానికీ, కాట్పాడి రైలు ఎప్పుడొస్తుందని అడిగేదానికీ చాలినంత వచ్చు. గుడి అరవం అట్లాంటిది కాదు. పెద్ద పెద్ద మాటలు, పాతకాలం మాటలు.

బల్లకు చేర్చుకోవాలంటే ముందు పరీక్ష ఉంటుంది. చిత్తూరు నుంచి యేడాదికి నాలుగు తూర్లు వచ్చే పాస్టరు అయ్యగారు నిలబెట్టి ప్రశ్నలు అడుగుతారు. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు, ఒక చిన్న అరవ పుస్తకంలో ఉండేవి. మగవాళ్ళు సాయంకాలాలు ఉపదేశి గారింటి అరుగు మీద కూర్చొని నెలల తరబడి వల్లె వేసి కంఠతా పట్టినారు. ఆ పొద్దులో ఆడవాళ్ళు పొయ్యి కాడ ఉంటారు. వాళ్ళకు వల్లె వేయించింది ఎవరు? అట్లా ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు గానుగ చెట్టు కిందనే గడిచిపోయింది.

మా నాయన ఆ నలభై జవాబులూ తడుముకోకుండా చెప్పిన మొదటివాడు. సంఘ పెద్ద కూడా. ఆయనకు దాని గురించి చానా గొప్ప.

నన్ను మాత్రం చదివించినాడు. చిత్తూరు బోర్డింగు స్కూల్లో చదువుకొని, టీచరు ట్రైనింగు ముగించుకొని, రెండో ప్రపంచ యుద్ధం అయిపోవచ్చే కాలంలో మా పల్లెకే వచ్చినాను. వారంలో ఆరు దినాలు గుడే మా బడి. నాకు పంతొమ్మిదేండ్లు. బోర్డింగులో మాకు అరవం చదవడమూ నేర్పినారు, తెలుగు బైబిలూ ఇచ్చినారు. మా పల్లెకు వచ్చిన మొదటి తెలుగు బైబిలు అదే.

ఒక మధ్యాహ్నం విత్తనానికి చెనక్కాయలు వలస్తా ఉన్నాము, మాయమ్మా, అవ్వా, నేనూ. అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"పాపా, లోపల అయ్యగారు ఏమేమి అడుగుతారు?"

"పుస్తకంలో ఉండేవేమ్మా. నిన్ను చేసిందెవరు, పాపమంటే ఏంది, ఏసు ఎందుకు చచ్చిపోయినాడు, ఇట్లాంటివి."

అమ్మ చేతిలో కాయ చేతిలోనే నిలిచిపోయింది. "అంతేనా? అవి నాకు తెల్సు గదా!"

"తెలిస్తే చాలదమ్మా, అరవంలో చెప్పాల."

"దేవుడికి తెలుగు రాదా?" అనింది అవ్వ.

అమ్మ మెల్లిగా అడిగింది. "ఒకటి నన్నెప్పుడూ పీకతా ఉంటాది పాపా. ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు మొదట్లోనే పరమండలంలో ఇరుక్కున్నాడు అంటారు గదా. దేవుడు యాడన్నా ఇరుక్కుంటాడా? ఎవరన్నా పోయి ఇడిపించకూడదా?"

నాకు నవ్వు ఆగలేదు. అరవంలో 'ఇరుక్కిఱ' అంటే 'ఉన్న' అని అర్థం. పరలోకంలో ఉన్న మా తండ్రీ అని చెప్పే ప్రార్థనను మాయమ్మ ఇరవై ఐదేండ్లుగా, దేవుడు పైన ఎక్కడో సందులో ఇరుక్కుపోయినాడని నమ్మి, ఆయన మీద జాలితో చెప్పుకుంటా వచ్చింది. అర్థం చెప్పినాను. అమ్మ నవ్వింది, అవ్వ నవ్వింది, చేటలోని కాయలు ఒలికిపోయేదాకా నవ్వినాము. నవ్వు అయిపోయినాక అమ్మ కండ్లు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్ళు మాత్రమే కావని నాకు తెలిసింది.

"ఆ నలభైనీ నాకు తెలుగులో చెప్పు," అనింది. "నేను బల్ల కాడికి పోవాల."

ఆ వారంలోనే అరవ పుస్తకం ముందు పెట్టుకొని, ఒక నోటు బుక్కులో నలభై ప్రశ్నల్నీ తెలుగులోకి రాసినాను. పండితుల తెలుగు కాదు, మా ఆడవాళ్ళు మాట్లాడే తెలుగు. అమ్మ ఒక్కతే అనుకుంటే, రెండో దినానికి ఐదు మంది, నాలుగో దినానికి పదకొండు మంది అయినారు. వీళ్ళకు కూర్చొని నేర్చుకునే తీరిక లేదు. ఆ యేడు వానలు బాగా కురిసి నాట్లు ముమ్మరంగా ఉండాయి. అందుకని అమ్మే ఒక ఉపాయం చెప్పింది. నాట్లు వేసేటప్పుడు పాడే పాటల దరువులో ప్రశ్నలూ జవాబులూ కట్టినాము. కయ్యలో ఈ గట్టు పక్కనున్న వరస ప్రశ్న ఎత్తుకుంటే, ఆ గట్టు పక్కనున్న వరస నారు గుచ్చుతా జవాబు చెప్పేది. బురదలో వంగిన నడుములు వంగినట్టే ఉండి, పాపం గురించీ క్షమాపణ గురించీ పాడుకున్నారు. నేను బడి విడిచినాక గట్టు మీద నిలబడి తప్పు పోయిన చోట సరిచేసేదాన్ని. కయ్య గల రైతు భార్య మజ్జిగ తెచ్చి, కాసేపు విని, "ఏం పాటమ్మే ఇది, ప్రశ్నలే ఉండాయి?" అని అడిగింది. "మా గుడి పరీక్షమ్మా," అనింది మాయమ్మ. ఆమె మరుసటి దినం కూడా ఆ పొద్దుకే మజ్జిగ తెచ్చింది.

ఉపదేశి గారికి తెలిసింది. ఆయన మంచివాడు. ఇరవై ఏండ్లుగా మా పల్లెలోనే ఉన్నాడు. కలరా వచ్చిన యేడు మా చచ్చినవాళ్ళను తన చేతులతో పాతిపెట్టినాడు. అట్లాంటాయన బడికి వచ్చి, కుర్చీ కూడా తీసుకోకుండా నిలబడి చెప్పినాడు.

"టీచరమ్మా, నువ్వు చేసింది ప్రేమతో చేసినావు. కానీ ఆ జవాబులు పెద్దలు కూర్చొని తూచి తూచి రాసినారు. మాట మారిస్తే అర్థం మారిపోతాది. రేపు అయ్యగారు నన్నడిగితే ఏం చెప్పేది?"

"అర్థం ఉంటే గదా ఉపదేశయ్యా మారేదానికి? వీళ్ళకు ఇప్పటిదాకా అర్థమే లేదు," అన్నాను.

ఇంట్లో ఇంకా పెద్ద తుఫాను. నాయన చెంబు నేలకేసి కొట్టినాడు.

"సంఘ పెద్ద ఇంటి ఆడోళ్ళే కట్టు తప్పితే నేను నలుగుర్లో ఎట్ల నిలబడేది? నేను నెలల తరబడి కూర్చొని నేర్చినాను. మీకు కయ్యలో పాటగా దొరుకుతాదా?"

అమ్మ అరవలేదు. సంగటి ముద్ద ఆయన పళ్ళెంలో పెడతా, "సరే, నువ్వు నేర్చినావు గదా. ఒకటి చెప్పు. అందులో పదో జవాబు ఉండాది గదా, దానికి అర్థమేంది?" అనింది.

నాయన పదో జవాబు అరవంలో గడగడ చెప్పినాడు.

"అర్థం?"

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పినాడు, ఈసారి మెల్లిగా. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, ఆ మాట లోపల ఏముందో చూడాలని ప్రయత్నం చేసినట్టు చెప్పినాడు. మధ్యలో ఆగిపోయినాడు. సంగటి సగంలో వదిలేసి లేచి కపిల బావి కాడికి పోయినాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. గొప్పగా దాచుకున్న పెట్టె తెరిచి చూస్తే ఖాళీగా ఉన్నవాడి మొహం ఎట్లుంటుందో ఆ పొద్దు చూసినాను.

రెండు దినాల తరవాత, గట్టు మీద నేను పాట సరిచేస్తా ఉంటే, పక్క కయ్యలో నాయన పార పట్టుకొని గట్టు చెక్కతా కనబడినాడు. చెక్కిన గట్టునే మళ్ళీ మళ్ళీ చెక్కతా ఉన్నాడు. క్షమాపణ గురించిన ఆ పదో జవాబు వచ్చినప్పుడు పార ఆగింది. ఆయన పెదవులు కదిలినాయి. ఆ పొద్దునుంచి ఇంట్లో ఆయన మళ్ళీ చెంబు విసిరేయలేదు.

నాట్లు అయిపోయి కలుపులు మొదలైనాయి. ఒక శనివారం అయ్యగారు చిత్తూరు నుంచి బస్సులో పూతలపట్టు దాకా వచ్చి, అక్కడినుంచి మా ఎద్దుల బండిలో పల్లెకు వచ్చినాడు. ఆయనదీ వేలూరు దిక్కు. పొడుగ్గా, సన్నగా, కండ్లద్దాలు పెట్టుకొని ఉండేవాడు. పరీక్షకు ఎవరున్నారని అడిగితే, ఉపదేశి గారు తల వంచుకొని, "పదకొండు మంది అయ్యా. అందరూ ఆడోళ్ళే," అని చెప్పినాడు. నా గురించి, తెలుగు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. తిట్టించనూలేదు, కాపాడనూలేదు. దేవుడి చేతికి వదిలేసినాడు.

గుడి లోపల ఆడవాళ్ళు వరసగా నిలబడినారు. తలలకు నూనె పెట్టుకొని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకొని ఉండారు. మొదట మాయమ్మ. చివర్న కర్ర పట్టుకొని అవ్వ. మగవాళ్ళు కిటికీల కాడ మూగినారు. నాయన వాకిలి కాడ నిలబడినాడు.

అయ్యగారు పుస్తకం తెరిచి అరవంలో మొదటి ప్రశ్న అడిగినాడు.

అమ్మ చేతులు జోడించింది. "అయ్యా, మీరు అడిగేది నాకు అర్థం కాదు. తెలుగులో అడగండి, చెప్తాను."

ఆ గుడి కట్టినప్పటినుంచి అట్లాంటి మాట ఆ గోడల మధ్య ఎవరూ అనలేదు. అయ్యగారు కండ్లద్దాలు పైకి జరిపి అమ్మను చూసినాడు, ఉపదేశి గారిని చూసినాడు, నన్ను చూసినాడు. తరవాత వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"అమ్మా, నాకు తెలుగు సరిగ్గా రాదే."

"పరవాలేదు సామీ. తప్పు పోతే మేం సరిచేస్తాం."

ఎవరో కిటికీ కాడ ఫక్కున నవ్వినారు. అయ్యగారు కూడా నవ్వినాడు. ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసినాడు. నేను రాసిన నోటు బుక్కు అడుగుతాడేమో అనుకున్నాను. అదీ అడగలేదు. మనసులోనుంచే, ఒక్కొక్క తెలుగు మాట వెతుక్కుంటా, అడగడం మొదలుపెట్టినాడు. అమ్మ జవాబు చెప్తా పోయింది. నేర్పినవి నేర్పినట్టే చెప్పింది, ఒకటి కూడా తప్పలేదు. చివరకు ఆయన పుస్తకంలో లేని ప్రశ్న అడిగినాడు.

"ఇన్ని ఏండ్లు బయటనే ఉన్నావు గదా. ఇప్పుడు బల్ల కాడికి ఎందుకు రావాలనుకుంటా ఉండావు?"

దీనికి మేము జవాబు నేర్చుకోలేదు. అమ్మ ఆలోచించను కూడా లేదు.

"పిలిచినాడు గదా సామీ. భోజనానికి పిలిచినోడి ఇంటికి పోయి, వాకిట్లో కూర్చొని లేచి వస్తే ఆయనకు మర్యాదగా ఉంటాదా? ఇంకోటి కూడా. ఆదివారం తెల్లవార్తో ఏసు సమాధి కాడికి మొట్టమొదట పోయింది ఎవరు? ఆడోళ్ళే గదా. అంత పొద్దున్నే పోయినోళ్ళం, ఈడ ఎందుకు ఎనకబడాల?"

అయ్యగారు కండ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచినాడు. చాలాసేపు తుడిచినాడు. తరవాత అమ్మను పక్కకు వచ్చి నిలబడమన్నాడు. బల్ల ఉండే పక్కకు.

ఒకరి తరవాత ఒకరు. ఒకామె భయంతో మొదటి మాట మరిచిపోతే, వెనకనున్న ఆమె దరువు అందించింది. అంతే, ముందరామె పాడేసింది. అయ్యగారికి ఈ నాట్ల దరువు వింతగా తోచి, మళ్ళీ పాడమని అడిగినాడు. పదకొండు మందీ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. వంక అవతల ఊరోళ్ళు కూడా విన్నామని తరవాత చెప్పినారు.

చివరికి మా అవ్వ. ఆమెకు కండ్లు సరిగ్గా ఆనవు. నలభైలో ఆమెకు నిలిచినవి నాలుగైదే. అయ్యగారు ఆమె కోసం చిన్న ప్రశ్నలే ఎంచుకున్నాడు.

"అవ్వా, నిన్ను చేసిందెవరు?"

"దేవుడు."

"భూమినీ ఆకాశాన్నీ చేసిందెవరు?"

"దేవుడే."

"ఈ గుడిని?" అని ఆయన మంచిగా నవ్వుతా అడిగినాడు. దేవుడే అంటుందనుకున్నాడు.

అవ్వ కర్రతో తూర్పు గోడను చూపించింది. "ఈ గుడిని మాత్రం నేనే సామీ. ఆ గోడ మన్నంతా నా నెత్తి మీద మోసిందే. కడుపులో వీడుండాడు అప్పుడు," అని వాకిలి కాడున్న నాయన వైపు తిరిగింది.

అంతా గొల్లున నవ్వినారు. నాయన మాత్రం నవ్వలేదు. వాకిలి దాటి లోపలికి వచ్చి, అవ్వ చెయ్యి పట్టుకొని, తానే ఆమెను బల్ల ఉండే పక్కకు నడిపించినాడు. "చేర్చుకోండి అయ్యా," అన్నాడు. "మేమందరం ఈమె కట్టిన గుడిలో కూర్చొని ఈమెనే బయట పెట్టినాము."

మరుసటి దినం ఆదివారం. ప్రసంగం అయిపోయింది. ఉపదేశి గారు లేచి గిన్నె మీద గుడ్డ తీసే ముందు ఆగినాడు. నా దగ్గరికి వచ్చి, "నీ తెలుగు బైబిలు తీసుకొని ముందరికి రా టీచరమ్మా. ఈ పొద్దు వాక్యం నువ్వు చదువు," అన్నాడు. ప్రభువు శిష్యులతో కూర్చొని రొట్టె విరిచిన భాగం తెరిచినాను. గట్టిగా చదివినాను. మా గుడిలో తెలుగు వాక్యం వినబడింది అదే మొదలు. చదువుతా మధ్యలో తల ఎత్తి చూస్తే, మొహాలన్నీ నా వైపే ఉండాయి. అరవం చదివేటప్పుడు అవి నేల వైపు ఉండేవి.

అయ్యగారు చిత్తూరు నుంచి తెచ్చిన రొట్టె ఎప్పటి లెక్కకే తెచ్చినాడు. మగవాళ్ళు అయ్యేలోగానే అది అడుక్కి వచ్చింది. ఆడవాళ్ళు నలుగురు తీసుకునేసరికి పళ్ళెం ఖాళీ. అవ్వ, అమ్మ, ఇంకా ఐదు మంది మోకాళ్ళ మీద ఉండారు. అయ్యగారు ఏం చెయ్యాలో తోచక నిలబడినాడు. అప్పుడు నాయన లేచి బయటికి పోయినాడు. కాసేపటికి ఒక గుడ్డలో మూట కట్టి, పొద్దున అమ్మ కాల్చిన రాగి రొట్టె తెచ్చినాడు. పళ్ళెంలో పెట్టినాడు. అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి తెలుగులో ప్రార్థన చేసినాడు, తప్పులతోనే. ఎవరూ సరిచేయలేదు. తన చేత్తో కాల్చిన రొట్టె ముక్కను మాయమ్మ దోసిట్లో తీసుకొని, నోట్లో పెట్టుకొని, కండ్లు మూసుకుంది. ఆ పొద్దు గానుగ చెట్టు కింద ఒక్క మనిషి లేదు.

ఆ తరవాత మా గుడిలో తెలుగు నిలబడిపోయింది. ఉపదేశి గారు తన అరవ పాటలు కొన్ని ఉంచుకున్నాడు, అవీ మాకిష్టమే. కానీ వాక్యం, ప్రార్థన మా మాటలోనే. సాయంకాలాల్లో ఆయన నా దగ్గర కూర్చొని తెలుగు గుణింతాలు దిద్దుకున్నాడు. యాభై ఐదేండ్ల మనిషి, పిల్లల పలక మీద. నాయన తన నలభై జవాబులనూ మళ్ళీ మొదటినుంచి తెలుగులో నేర్చుకున్నాడు. ఈసారి అమ్మ నేర్పింది. తప్పు పోయినప్పుడల్లా ఆమె మెటిక విరిచేది, ఆయన ఉక్రోషపడేవాడు, నేను పుస్తకం అడ్డం పెట్టుకొని నవ్వుకునేదాన్ని.

ఈ సంగతి బండ్ల మీద, బస్సుల మీద చుట్టుపక్కల పల్లెలకు పాకింది. నా నోటు బుక్కు కావాలని మనుషులు వచ్చినారు. నేను రాసిచ్చినాను, నా బడి పిల్లలు రాసిచ్చినారు, చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసినాము. అయితే కాగితం చదివేవాళ్ళు ఆ పల్లెల్లో ఎంతమంది? అందుకని మా ఆడవాళ్ళే పోయినారు. పని లేని దినాల్లో సంగటి మూట కట్టుకొని, ముగ్గురూ నలుగురూ కలిసి నడిచి పోయి, అక్కడి ఆడవాళ్ళకు దరువు నేర్పి వచ్చేవాళ్ళు. మాయమ్మ అక్షరం రాని మనిషి. ఆమె నేర్పినవాళ్ళు ఎంతమందో ఆమెకే తెలియదు.

రెండేండ్ల తరవాత కోత పండగకు పాకాలలో సంఘాలన్నీ కూడినాయి. కొత్త గింజలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు పట్టుకొని జనం స్టేషను పక్కనున్న మైదానానికి వచ్చినారు. అయ్యగారు మధ్యలో నిలబడి, ఈ రెండేండ్లలో బల్లకు చేరిన ఆడవాళ్ళను ముందుకు రమ్మన్నాడు. ఇప్పుడు ఆయన తెలుగులో తడుముకోడం లేదు. ఒక్కొక్క పల్లెనుంచి లేచినారు. నెత్తిన గంపలు, చంకన బిడ్డలు. వరస కట్టమంటే మైదానం చాలలేదు, రోడ్డు మీదికి పోయి రైలు గేటు దాకా సాగింది. మాయమ్మ గంప దించి నడుము మీద చెయ్యి పెట్టుకొని మొదటి ప్రశ్న ఎత్తుకుంది. రోడ్డు పొడుగునా జవాబు వచ్చింది. గేటు కాడ ఆగిన కాట్పాడి బండిలోని జనం కిటికీల్లోనుంచి తలలు బయటపెట్టి చూసినారు. బండి కదిలింది, కూత పెట్టింది. మా ఆడవాళ్ళ గొంతులు ఆ కూతను మింగేసినాయి.